దీవివాళ్ళ సెలవు

సూది కొన మీద ఒక చుక్క.

నిలిచింది... వణికింది... జారలేదు.

మనవరాలికి తొమ్మిదేళ్ళు. తన ఇన్సులిన్ తనే పొడుచుకుంటుంది. వాళ్ళమ్మ పనికి పోతే ఎదురుగా కూర్చోవడం నా వంతు. కోతలు కోయడం నా రోగం.

కడుపు వెనకాల క్లోమం — జానెడు ఉంటుందేమో. అందులో రెండు జట్లు. పెద్ద జట్టు, తిన్నది అరిగే రసాలు చేసి పేగులో పోస్తుంది. చిన్న జట్టు మధ్యమధ్య దీవుల మీద ఉంటుంది. ఇన్సులిన్ చేసి నెత్తుట్లో వదులుతుంది. అది తలుపు తీస్తేనే చక్కెర ఒంటికి అందేది.

ఇంతవరకూ డాక్టరమ్మ చెప్పింది.

మిగతాది నాది.

“ఆ దీవులకి నేను పడవేసుకుని వెళ్ళొచ్చాను.”

“అబద్ధం!”

“నా మీసం మీద ఒట్టు.”

“నీకు మీసమేది తాతా?”

“అక్కడే మర్చిపోయొచ్చా.”

పకపకా నవ్వింది. నవ్వి అడిగింది — “మరి నా దీవివాళ్ళేరి?”

“సెలవు పెట్టారు.”

నోటికొచ్చిన మాట. అంతే.

బడిపిల్లకి సెలవంటే ఏమిటి? అయిపోయేది. అయిపోయాక అందరూ వచ్చేస్తారు.

బడి తెరిచిన రోజు నుంచి ఒళ్ళో దిండు పెట్టుకుంది. సూది దిండులోకి దిగింది. రెండు రోజులు, అన్ని పూటలా. నేను ఎదురుగానే ఉన్నాను — ఏనుగుకి ఈత నేర్పిన కథలో మునిగి.

మూడో పొద్దున వాంతులు. ఊపిరిలో మగ్గిన పండు వాసన.

ఆసుపత్రి. “మందు వేసుకుంటోందా?” అన్నారు.

“నా కళ్ళ ముందే” అన్నాను.

తేరుకున్నాక మనవరాలే చెప్పింది. “సెలవులైపోయాయిగా... వాళ్ళూ వచ్చేసుంటారనుకున్నా.”

కూతురు నా వైపు తిరిగింది. “నీ కోతలు తగలెయ్య, నాన్నా!”

తగలెయ్యాల్సిందే.

నాలుగు రోజులకి ఇంటికొచ్చాం. అబద్ధం నాలుక మీద ఎప్పుడూ జారేది. నిజం మాత్రం గొంతులో వెలక్కాయ.

“అది బడి సెలవు కాదమ్మా. ఉత్తరం చివర రాస్తారే... ‘ఇక సెలవు’ అని. ఆ సెలవు.”

“రారా?”

“రారు.”

“పెద్ద జట్టు?”

“పనిలోనే ఉంది. దీవి పనే నీ చేతికొచ్చింది.”

ఒళ్ళో దిండు సర్దుకుంది.

“మరి నీ మీసం?”

“అదీ అబద్ధమే.”

దిండు పక్కన పెట్టింది. చొక్కా అంచు పైకెత్తింది. కథ చెప్పమనలేదు. నేనూ ఎత్తుకోలేదు. కళ్ళు మాత్రం తిప్పలేదు.

సూది కొన మీద ఒక చుక్క.

నిలిచింది... వణికింది...