దండోరా డప్పు, ఈదమ్మ పెట్ట

రాములు సర్కారు డప్పు కొట్టుకుంటూ వాడకట్టులోకి వచ్చేసరికి ఈదమ్మ తన పెట్టకు నూకలు చల్లుతోంది.

“ఇగ పాలమూరు పట్నంల కోళ్లను గంప కింద కమ్మాలె. రోడ్డు మీద కనవడ్డ కోడిని బందెలదొడ్డిల ఏస్తరు. అంగడికి ముందు దండోరా ఏసి, హర్రాజు పాడ్తరు. దారోగా సాబ్ హుకుం.”

ఎవరో పెద్ద సాబు గుర్రం ఒక పుంజును చూసి బెదిరిందట. బెదిరింది గుర్రం, శిక్ష పడింది కోళ్లకు.

ఈదమ్మకున్నది ఒక్క నల్లపెట్ట. పెళ్లినాడు తల్లిగారింటి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న పెట్టకు అది మనవరాలు. ఇల్లు మొగుడిది, చేసే పొలం దొరది. నాది అని ఆమె చెప్పుకోగలిగింది ఆ పెట్టనొక్కదాన్నే. అందుకే ఆ పూటే గంప కింద కమ్మి, పైన రాయి పెట్టింది. పెట్టకు మాత్రం దారోగా అంటే లెక్కలేదు. గంప ఎత్తినప్పుడల్లా జారుకుని రోజుకో గుడ్డు ఎక్కడో పెట్టి వస్తోంది, మనసంతా వాటి మీదే ఉంది. ఒకనాడు నీళ్లు పెడదామని గంప ఎత్తగానే సందు చూసుకుని ఉడాయించింది, మళ్లీ రాలేదు.

ఈదమ్మ బందెలదొడ్డికి ఉరికింది. వాడకట్టు కోళ్లన్నీ అక్కడే ఉన్నాయి గాని నల్లపెట్ట లేదు. పక్కనే దారోగా ఇల్లు. అతని కొట్టంలోంచి కుర్రుకుర్రుమని చప్పుడు వినబడి అటు పోయింది. దారోగా తల్లి భద్రమ్మ గడప దగ్గరే నిలబడి, చప్పుడు చేయొద్దని సైగ చేసింది.

దండోరా లేని రోజుల్లో అక్కడే ఉండే సర్కారు డప్పు గడ్డి మీద బోర్లా పడి ఉంది. దాని గుంతలో నల్లపెట్ట రెక్కలు పరుచుకుని పొదుగుతోంది.

అంతలో దారోగా గుర్వయ్య రాములును వెంటబెట్టుకుని వచ్చాడు. నకిరేకల్ వైపు గొర్లకాపరి కొడుకు, ఉర్దూ చదివి కొలువు సంపాదించాడు. తెల్లారితే అంగడి, దండోరాకు డప్పు కావాలి. వంగి పెట్ట మీద చెయ్యి వేయబోయాడు.

“చెయ్యి తియ్‌రా,” అంది భద్రమ్మ. “పొదిగే పెట్టను కదిలిస్తే గుడ్లు మురుగుతయి. మందల పుట్టినోనివి, గిది గూడ ఎరుకలేదా?”

“దండోరా లేంది హర్రాజు చెల్లదమ్మా.”

“అయితే ఆపు.”

గుర్వయ్య రాములు వైపు చూశాడు. “నోటితోని చెప్పొస్తవా?”

“డప్పు లేకుంటే గది దండోరా గాదు సాబ్. ఖాయిదా మీరే చెప్పిండ్రు గద,” అన్నాడు రాములు వినయంగా.

ఈదమ్మ ధైర్యం తెచ్చుకుంది. “అవ్వా, పిల్లలు లేచి తల్లిని ఇడిసేదాక పెట్టను ఈడనే ఉండనియ్యి. పిల్లలల్ల సగం నీ పాలు.”

పట్నం వచ్చిన నాటి నుంచి సాకడానికి ఒక్క జీవం లేక దిగులుపడుతున్న ముసలమ్మ ముఖం విప్పారింది. “గట్లనే బిడ్డా,” అంది.

అంగళ్లు వచ్చాయి, పోయాయి. హర్రాజు జరగలేదు. బందెలదొడ్డి కోళ్లకు గింజలు పోయలేక దారోగా విసిగి, ఎవరి కోళ్లను వాళ్లను తోలుకుపొమ్మన్నాడు.

పిల్లలు పెరిగి తల్లిని విడిచాయి. ఈదమ్మ తన వంతు పిల్లలను ముందే ఇంటికి చేర్చి, పెట్ట కోసం మళ్లీ వచ్చింది. దాన్ని చంకన పెట్టుకుని బయటికి వచ్చేసరికి రాములు దండోరాకని గడ్డిమంట మీద డప్పు కాస్తున్నాడు. ఆమె పెట్టను కొంగు కింద దాచుకుంది. మళ్లీ గంప, మళ్లీ బందెలదొడ్డి.

రోడ్డు మీద గుర్వయ్య చేతులు చాపి, భద్రమ్మ కోడిపిల్లల వెంట అటూ ఇటూ ఉరుకుతున్నాడు. ఒక్కటీ చిక్కలేదు. ఆయాసపడుతూ వచ్చి రాములు పక్కన కూర్చున్నాడు.

“కొత్త హుకుం,” అన్నాడు. “కోళ్లు పొద్దంత యాడనన్న తిరగొచ్చు. పొద్దుగూకితే మాత్రం గూటికి చేరాలె.”

“చెప్పకున్నా చేరుతయి గద సాబ్?”

“అయితే నా హుకుం ఎవ్వరు దాటనట్టే.”

ఈదమ్మ ఫక్కున నవ్వి పెట్టను కిందికి వదిలింది. అది రెక్కలు దులుపుకుని, దారోగా ముందు నుంచే రోడ్డు దాటిపోయింది.