ఒకే రకం చక్రాలు

కార్బన్ చక్రాలు ఇంటికొచ్చిన రోజు మహేంద్రన్ ఒకదాన్ని చూపుడువేలికి తగిలించుకుని ఇల్లంతా తిరిగాడు. "చూడు సంగవీ, బరువే లేదు!" తన సైకిలుకో జత, పెళ్లాం సైకిలుకో జత, రెండూ ఒకే రకం. సంగవికి మాత్రం ఆ బరువు లేకపోవడమే భయం. అతనేమో భారీ మనిషి. లారీలు దూసుకుపోయే రోడ్డు. వాటి మధ్య ఇంత పలచటి రిమ్ము.

ఆ ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కోవిల్‌పట్టిలో బయల్దేరారు. విరుదునగర్‌లో అతని అక్క కలైసెల్వి ఇంట్లో టిఫిను తిని తిరిగి రావాలని. సాత్తూరు చేరుతుండగా సంగవి వెనక చక్రం టిక్కుమంది. తొక్కడం ఆపితే ఆగింది. తొక్కితే మళ్లీ టిక్కు.

"మామా, నిలువు. ఏందో చప్పుడు చేస్తాండాది."

మహేంద్రన్ దిగి చక్రం గిర్రున తిప్పాడు, స్పోకులు మీటి చూశాడు. "ఏమీ లేదే. చప్పుడు నీ మనసులో ఉండాది. వస్తావా, రావా?"

"నేను రాను పో."

"సరే, మెల్లిగా రా. అక్క కాచుకోనుంటుంది," అని వెళ్లిపోయాడు.

సంగవి టీ కొట్టు బెంచీ మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. ఉత్త పిరికిదాన్నా నేను? ఉండబట్టలేక చక్రం ఊడదీసి, టైరు ఒలిచి, రిమ్ముకి చుట్టిన లోపలి టేపు లాగింది. స్పోకు దూరే రంధ్రం పక్కన వెంట్రుకంత చీలిక. బొటనవేలితో నొక్కితే నోరు తెరిచింది.

నా మాటే నిజమైందనుకుని దాన్ని ఫోటో తీసింది. ఆ మరుక్షణమే మహేంద్రన్ గుర్తొచ్చాడు. అతని కింద ఉన్నవీ ఇవే చక్రాలు.

ఫోను చేసింది. ఎత్తలేదు. సైకిలుని టీ కొట్టు నడిపే ఆమెకి అప్పజెప్పి, వచ్చిన బస్సెక్కేసింది. కిటికీ కమ్మీ పట్టుకుని రోడ్డంచే చూసింది దారంతా. పడివున్న గోనెసంచి కూడా మనిషిలా కనబడింది. నలుగురు గుంపుగా నిలబడిన చోటల్లా సీట్లోంచి లేచి తొంగిచూసింది. అతను మాత్రం ఎక్కడా లేడు.

కలైసెల్వి వాకిట్లో సైకిలు గోడకి ఆనించి ఉంది. లోపల మహేంద్రన్ ఇడ్లీ తింటున్నాడు.

"ఫోను ఎత్తరాదా?" అంది సంగవి గుమ్మంలోంచే.

"సైలెంట్‌లో ఉండింది. ఏమైంది?"

చీలిక ఫోటో చూపించింది. అతని చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. అప్పటికప్పుడు అతని రెండు చక్రాలూ విప్పి, టార్చి వేసి వెతికారు. ఒక్క గీత కూడా లేదు.

"చూసినావా, నావి బాగుండాయి. తొక్కుకోనే వస్తాను."

"బస్సులో పోరాదారా?" అంది కలైసెల్వి. అతను వింటేగా! సంగవి ఆటో పిలిచి వెనకే బయల్దేరింది.

ఊరు దాటకముందే మహేంద్రన్ పక్కకి ఆగాడు. దిగి చక్రం వంకే చూస్తున్నాడు.

"చప్పుడొచ్చిందా మామా?"

"లేదు. రాలేదు. ఎప్పుడొస్తుందా అని చెవి అక్కడే ఉండాది. ఇట్లా తొక్కేది నాతో కాదు."

ఆటోవాడితో తమిళంలో మాట్లాడి సైకిలు వెనక ఎక్కించారు. సంగవి సైకిలు కోసం సాత్తూరు బయల్దేరారు. ఆటో గుంతలో పడి కుదిపినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.