కింది మిస్త్రీ

గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, మడమలతో నేలను తన్నుకుంటూ బుగ్గయ్య వ్యాను కిందికి జరిగాడు. తల పోయింది, భుజాలు పోయాయి, పొట్ట పోయింది. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. బయట మిగిలినవి పగుళ్ళలో గ్రీజు ఇంకిన రెండు పాదాలు. ఆ షెడ్డుకు వచ్చేపోయే వాళ్ళలో సగం మందికి బుగ్గయ్య అంటే ఆ పాదాలే. మొహం ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేరు. అడిగినవాడూ లేడు లెండి.

"జాకీ లేపు ఆశన్నా. జర మెల్లగ."

"మెల్లగనే లేపుతున్న మామా. నీ మీద పడితే మాసమ్మత్త నన్ను బతకనిస్తదా?"

"పీడ పోయిందని మొక్కు తీర్చుకుంటది. లేపు."

ఆశన్న వైర్ల పని చేసేవాడు. ముప్పై దాటని మనిషి, నోరు ఊరుకోదు. జాకీ కర్ర మీద వాడి బరువు పడినప్పుడల్లా ఇరుసు వెంట్రుకవాసి పైకి లేస్తోంది.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి పోయే దారిలో ఒక సందు మలుపున ఉంది ఆ రేకుల షెడ్డు. యజమాని జోగారావు. రాష్ట్రం కలిసిన కొత్తలో తెనాలి నుంచి ట్రంకుపెట్టెతో దిగి, పైసా పైసా కూడబెట్టి పెట్టుకున్నాడు. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ కోసం ఊరంతా గొడవలు. పిల్లలు కాలేజీలు మాని రోడ్ల మీదికి వచ్చారు. ఏ పొద్దు బంద్ అంటారో, ఏ పూట రాళ్ళు లేస్తాయో తెలియదు. అందుకని జోగారావు షట్టరు సగమే ఎత్తి పని చేయించేవాడు. లోపల పట్టపగలే మసకచీకటి. అందరూ విసుక్కున్నారు. బుగ్గయ్య ఒక్కడే విసుక్కోలేదు. చీకట్లో అందరూ తడుముకునేవాళ్ళే కనుక, తాను తడుముకుంటున్న సంగతి ఎవరి కంటా పడలేదు.

అతని ఎడమ కంట్లో పొర ముదిరి తెల్లటి పువ్వు కూర్చుంది. కుడి కన్ను కూడా అదే దారి పట్టింది. ఎదుట ఉన్నది మనిషో గుంజో తెలుస్తుంది గానీ మనిషైతే ఎవరో గొంతు వింటే గానీ తెలియదు. భార్య మాసమ్మకు తెలుసు. ఆమె రోజూ పొద్దున జొన్నరొట్టె తట్టుతూ అదే పాట పాడుతుంది. "దవాఖానకు పోదాం నడువయ్యా. కత్తి వెడితే తేటవడ్తదంట." ఆయన పలకడు. కత్తి పెడితే నెలల తరబడి కట్టు కట్టుకుని మూల కూచోవాలి. ఇతను కూచుంటే షెడ్డు కూచుంటుందా? వేరేవాడు కిందికి దూరుతాడు. దూరినవాణ్ణి మళ్ళీ కాళ్ళు పట్టి లాగే ఆచారం లోకంలో లేదు.

చిన్నప్పుడు ముషీరాబాదులో బస్సుల అడుగులు కడిగే పనిలో చేరాడు. బురద కడుగుతూ కడుగుతూ బోల్టులు నేర్చాడు. ఆ తరువాత బతుకంతా కిందనే. ఏ బండికి ఎక్కడ వెల్డింగు పడిందో, ఏ పెద్దమనిషి కారు అడుగున తుప్పు తింటోందో అతనికి తెలుసు. పైన మెత్తల మీద కూచునేవాళ్ళకు తమ కిందేముందో తెలియదు, ఎవరున్నారో అసలే తెలియదు. కళ్ళు మసకబారాక వేళ్ళతో చూడటం మొదలుపెట్టాడు. నట్టు ఎంత బిగిసిందో, పట్టీ ఎక్కడ పగిలిందో వేళ్ళు చెప్పేవి. కళ్ళు పోతే పోనీ, వేళ్ళున్నాయి అన్నది అతని ధైర్యం.

ఇవాళ్టి బండి మాత్రం కొత్త రకం. నారాయణగూడలో రొట్టెల వ్యాపారం చేసే కిషన్‌రావు పాత పెట్రోలు వ్యాను ఇంజను పాడైతే దాన్ని బ్యాటరీ మీద నడపాలని ఉబలాటపడ్డాడు. బట్టల మిల్లులో మూటలు మోసే బ్యాటరీ బండి ఒకటి మూలపడితే దాని వెనకిరుసు కొని తెచ్చాడు. ఆ ఇరుసు ఒంటరిది కాదు. మోటారు దాని నడుములోనే ఇమిడి ఉంది, కడుపులో బిడ్డలా. బ్యాటరీల నుంచి తీగలు తెచ్చి తగిలిస్తే మోటారు తిరుగుతుంది, దానితో చక్రాలు తిరుగుతాయి. "సచ్చిన ఎద్దు కాళ్ళు తెచ్చి గుర్రానికి అతుకుతున్నం" అని ఆశన్న వారం నుంచి నవ్వుతున్నాడు.

ఇరుసు, వ్యాను బరువు మోసే కమాను కట్టలను తాకింది. బుగ్గయ్య అరచేయి పైకి పోనిచ్చి వెతికాడు. కట్ట అడుగున బొడిపెలా ఉండే బోల్టు తల, ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూచోవాలి. "ఇంకొంచెం. ఆగు. ఆఁ, కూసుంది." యూ బోల్టులు తొడిగాడు, కింద పలక ఎక్కించాడు, నట్లు ఎదురెదురుగా పానాతో బిగించుకుంటూ వచ్చాడు. చెమట చెవుల్లోకి కారుతోంది. బోల్టులు కిర్రుమన్నప్పుడు అతని దవడ కూడా బిగిసేది.

ఒక్క పని మాత్రం అతను ఎప్పుడూ చేసేలా చేయలేదు. ఆ ఇరుసుకు కుడి ఎడమలు ఒక్కలాగే ఉంటాయి. ఏది ముందో చెప్పేది పైన పోత పోసిన చిన్న బాణం గుర్తు ఒక్కటే. దాని మీద ఏళ్ళ తరబడి రంగు, ఎండిన గ్రీజు పేరుకుని ఉన్నాయి. కిరోసిన్ గుడ్డతో గీకి, మొహం దగ్గరపెట్టి చూడాలి. పొద్దున ఇరుసును వ్యాను కిందికి జరిపేటప్పుడు ఆశన్న పక్కనే ఉన్నాడు. కళ్ళను ఇనుముకు ఆనించి చూస్తే వాడికి తెలిసిపోతుంది. అందుకని బొటనవేలితో తడిమి, లావుగా తగిలిన కొసను బాణం ముల్లు అనుకుని, "గిటు తిప్పు" అన్నాడు. అంతే.

మధ్యాహ్నం రొట్టె, ఉల్లిగడ్డ కారం తిని చేతులు కడుక్కునేసరికి ఆశన్న తీగలు కలిపి ఉంచాడు. జోగారావు బ్యాటరీల కోసం కాచిగూడ పోయాడు, ఇంకా రాలేదు. మూలనున్న కారు బ్యాటరీ ఒకటి తెచ్చి తగిలించారు. వెనకభాగం దిమ్మెల మీద లేచి ఉంది కనుక చక్రాలు గాలిలోనే ఉన్నాయి.

"మామా, పెడుతున్న."

మోటారు గొణిగింది. చక్రాలు తిరిగాయి. బుగ్గయ్య మొహం విచ్చుకుంది. కానీ ఆశన్న మాట్లాడలేదు. ఊరుకోని నోరు ఊరుకుందంటే ఏదో ఉంది.

"ఏందిర?"

"ఏం లే మామా."

బుగ్గయ్య లేచి వెళ్ళి తిరుగుతున్న టైరు మీద అరచేయి మెల్లగా ఆనించాడు. టైరు అతని చేతిని వెనక్కి లాగింది. తీసి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ వెనక్కే లాగింది. ముందుకు పొమ్మంటే బండి వెనక్కి పోతోంది. ఇరుసు తిరగబడి కూచుంది.

ఆశన్న వచ్చి అతని చేయి పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "మోటరుల రెండు వైర్లు అటువి ఇటు మారుస్త. ముందుకు తిరుగుతది. సారుకు తెల్వది, కిషన్‌రావుకు తెల్వది. నీ కన్ను సంగతి నాకు బతుకమ్మ పండుగ కాడికెంచి తెలుసు మామా. నేను ఎవనికన్న చెప్పిన్నా?"

బుగ్గయ్య డబ్బా మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ దాచిన సంగతి చీకట్లో పక్కవాడి జేబులోనే ఉంది. "మార్చు" అన్నాడు.

ఆశన్న మార్చాడు. చక్రాలు ముందుకు తిరిగాయి. బాగానే ఉంది. బాగానే ఉందని ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోబోయారు. అప్పుడు వినిపించింది ఇరుసు కడుపులోంచి సన్నటి మూలుగు, ఈనిన పిల్లి గోడవతల అరిచినట్టు.

"గా సప్పుడేంది?"

"ఉంటది మామా. ఇనుమన్నాక మూలగదా?"

బుగ్గయ్యకు తెలుసు ఆ మూలుగేమిటో. మిల్లులో ఇన్నేళ్ళూ లోపలి గేరు చక్రాల పళ్ళు ఒక్క పక్కతోనే నమిలి నమిలి అరిగాయి. ఇప్పుడు వాటిని రెండో పక్కతో నమలమంటున్నారు. నములుతాయి, కొన్నాళ్ళు. తర్వాత ఏ తెల్లవారుజామునో నడిరోడ్డు మీద రాలిపోతాయి. అప్పుడు కిషన్‌రావు తిట్టేది మోటారును, జోగారావును, ఆంధ్రా షెడ్డు కనుక ఆంధ్రావాళ్ళందర్నీ. బుగ్గయ్యను ఎవరూ తిట్టరు. పాదాలను ఎవరు తిడతారు?

అతను లేచాడు.

"దించు."

"మామా, పిచ్చి లేసిందా? సారు వచ్చే యాళ్ళయింది."

"రానీ. జాకీ పెట్టు."

"ఎవనికీ తెల్వదని చెప్తున్న గద!"

"నాకు ఇనవడుతున్నది గదర."

బిగించిన నట్లన్నీ మళ్ళీ విప్పాడు. పొద్దున బిగించినప్పటికంటే గట్టిగా పట్టుకున్నాయవి, పంతం పట్టినట్టు. పానా జారి వేలి కణుపు చీరుకుపోయింది. నోట్లో పెట్టుకుని పీల్చి మళ్ళీ పట్టాడు. ఇరుసును కిందికి దించి, ఇద్దరూ దాన్ని గోనె మీద బయటికి ఈడ్చేసరికి, షట్టరు కింద నుంచి వంగుతూ జోగారావు వచ్చాడు. వెనక హమాలీలు బ్యాటరీలు దించి పోయారు.

"ఇదేమిటయ్యా! పొద్దున్న ఎక్కించేశామన్నారు?"

ఆశన్న గబుక్కున అందుకున్నాడు. "వైరింగ్ కోసం దించినం సారూ. కొంచెం తంటా వచ్చింది."

"వీడు అబద్ధమాడుతున్నడు సారూ." బుగ్గయ్య ఒళ్ళు నిటారు చేశాడు. "ఉల్టా ఎక్కించిన. నేనే."

"నువ్వా?"

"నాకు కండ్లు కానొస్తలేవు."

షట్టరు అవతల ఎవరో కుర్రాళ్ళు నినాదాలిస్తూ పోతున్నారు. వాళ్ళు దూరమయ్యేదాకా ఆగి, జోగారావు అడిగాడు. "ఎన్నాళ్ళనుంచి?"

"శానా రోజులైంది."

"మరి బ్రేకులూ అవీ నువ్వే కదయ్యా చూస్తున్నావు! జనం ప్రాణాలు కావూ అవి?"

"వేళ్ళతోని చూసిన. వేళ్ళు ఇయ్యాల్టి దాంక అబద్ధం చెప్పలే. ఇయ్యాల చెప్పినయి."

జోగారావు బ్యాటరీ మీదే చతికిలబడ్డాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తిట్టాలో జాలిపడాలో తెలియని మనిషి చేసే పని అది. "సరే, వదిలెయ్. ఆశన్నా, వెళ్ళి అవతలి షెడ్డులో ఎవరినైనా పిలుచుకురా" అన్నాడు.

"ఎవ్వన్నీ పిలవొద్దు." బుగ్గయ్య గొంతు పెద్దది కాదు. కానీ ఆశన్న అడుగు ఆగిపోయింది. "తప్పు ఎక్కించింది నేను. సరిగ ఎక్కించేది గూడ నేనే. గది అయినంక మీరు చెప్పినట్టు ఇంట."

జోగారావు అతన్ని చూశాడు. అన్నేళ్ళ కొలువులో నిలబడి ఉన్న బుగ్గయ్యను అంతసేపు చూడటం బహుశా అదే మొదలు. "కానీ మరి" అన్నాడు.

బుగ్గయ్య కిరోసిన్ గుడ్డ తీసుకుని బాణం మీద ఏళ్ళ జిడ్డును గీకాడు. ఇనుము తేలింది. ముక్కు తాకేంత దగ్గరగా మొహం పెట్టాడు, ఆవు దూడను నాకుతున్నట్టు. ఎవరు చూసినా అతనికిక పట్టలేదు. కనిపించలేదు. అప్పుడు తల ఎత్తి, ఈ పని పట్టాక ఎన్నడూ ఎవరినీ అడగని మాట అడిగాడు.

"ముల్లు ఎటుంది, చెప్పరా ఆశన్నా."

ఆశన్న అతని వేలు పట్టి ముల్లు కొస మీద పెట్టాడు. "గిటు మామా."

ముగ్గురూ కలిసి ఇరుసును తిప్పారు. ఇస్త్రీ చొక్కాతో జోగారావు జాకీ కర్ర పట్టాడు. "మెల్లగ సారూ, ఇది తెనాలి కాదు" అన్నాడు ఆశన్న. "నోరు మూసుకుని ఎత్తరా" అన్నాడు జోగారావు, రొప్పుతూ. కింద నుంచి "ఇంకొంచెం... ఇంకొంచెం..." అని బుగ్గయ్య గొంతు వస్తూనే ఉంది. బొడిపె గుంటలో కూచుంది. నట్లు బిగిశాయి. ఆశన్న తీగలు పాత పద్ధతికి తెచ్చాడు. బుగ్గయ్య బయటికి వచ్చి టైరు మీద అరచేయి ఆనించాడు. టైరు అతని చేతిని ముందుకు తోసింది. మూలుగు లేదు. చేయి తీయకుండా అలాగే కాసేపు ఉంచాడు.

బ్యాటరీలన్నీ అమర్చేసరికి పొద్దు వాలింది. షట్టరు పూర్తిగా ఎత్తారు. జోగారావు స్టీరింగు ముందు కూచుని రెండో పక్క తలుపు తీశాడు.

"ఎక్కవయ్యా."

"నేనా? మీగడ రంగు రెక్సిను సారూ. కిషన్‌రావు ఏరికోరి కుట్టించుకున్నడు. నా అంగి చూడుండ్రి."

"దారిలో ఏదైనా ఊడితే కిందికి దూరేదెవరు, నేనా? ఎక్కు."

ఎక్కాడు. మొదట మెత్త అంచున కోడిలా కూచున్నాడు. బండి కదిలాక ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలిపోయింది.

బండి చప్పుడు చేయలేదు. చిక్కడపల్లి బజారు మీదుగా నీళ్ళ మీద పడవలా పోయింది. బుగ్గయ్యకు రంగులు తప్ప ఏమీ కనబడలేదు గానీ, ఇంజను మోత లేదు కనుక అన్నీ వినిపించాయి. మల్లెపూలవాడితో ఒకావిడ కోస్తా యాసలో బేరమాడుతోంది. వాడు తెలంగాణ యాసలో వెటకారమాడుతున్నాడు. ఎవరో పిల్లవాడు "ఇంజను లేని బండిరోయ్!" అని అరుస్తూ వెంట పరుగెత్తాడు. బతుకంతా బండ్ల అడుగున ఉన్నవాడికి బజారు ఇలా పలుకుతుందని తెలియదు.

అశోక్‌నగర్ మలుపు దగ్గర, "ఇక్కడ ఆపుండ్రి సారూ" అన్నాడు.

"ఇంటిదాకా దింపుతానుగా."

"మా సందుల ఇది పట్టదు."

దిగి తలుపు మెల్లగా వేశాడు. కిటికీలోంచి జోగారావు, "కంటికి ఏదో ఒకటి చేద్దాంలే. రేపు పొద్దున్నే రా" అన్నాడు.

"ఇగ రాను సారూ."

"పోనీ ఎల్లుండి రా." వెనక నుంచి రిక్షావాడు గంట కొడుతుంటే జోగారావు బండి కదిలించాడు.

మర్నాడు రాలేదు, ఎల్లుండీ రాలేదు. ఆ వారం చివర ఆశన్న అశోక్‌నగర్ పోయి చూశాడు. కిరాయి గదికి తాళం. బట్టల మూట నెత్తిన పెట్టుకుని మాసమ్మ ముందు నడిచిందని, ఆమె కొంగు పట్టుకుని ఆయన వెనక పోయాడని, మెదక్ దిక్కు ఆమె పుట్టిన ఊరు కావచ్చునని పక్కింటి ముసలమ్మ చెప్పింది.

వ్యాను బాగా నడిచింది. తెల్లవారుజామున ఎవరి నిద్రా చెడకుండా సందుసందునా రొట్టెలు పంచింది. కిషన్‌రావుకు ఉన్నది ఒకటే ఫిర్యాదు. సబ్బుతో కడిగించాడు, కిరోసిన్‌తో తుడిపించాడు, ఆఖరుకు తువ్వాలు పరిపించాడు. తువ్వాలు జారినప్పుడల్లా ఎడమ పక్క సీటు మీద, మీగడ రంగు రెక్సినులో ఇంకిపోయి, రెండు రెక్కల ఎముకలు, నడుమ వెన్నెముక నల్లటి గ్రీజు అచ్చుగా కనిపించేవి.