ఆ మలుపు దగ్గర బావ బండి ఆపాడు

మా బావ స్కూలు బస్సు నడుపుతాడు. ఇన్నేళ్ళ సర్వీసులో బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదు. ఇండికేటర్ వెయ్యకుండా ఇంటి గేట్లోకి కూడా తిప్పడు, అంత చాదస్తం. అలాంటి మనిషికి రేసుల పిచ్చి కొడుకు పుట్టాడు చూడండి, మా మేనల్లుడు పండు. డబ్బు కడితే ఎవరి బండయినా లోపలికి వదిలే ఆ పెద్ద రేసు ట్రాక్ ఉంది కదా, వీడియోల్లో మీరూ చూసే ఉంటారు. పోయినేడు అక్కడే ఏదో మలుపులో రైలింగుకి కొట్టుకుని పోయాడు.

బావ ఏడవలేదు. "ఒక్కసారి ఆ చోటు చూడాలిరా" అన్నాడు, అంతే. బస్సులో వెళదామంటే వినడే. వాడు వెళ్ళినట్టే బండి మీదే వెళ్ళాలట. మా అక్క నన్ను వంటగదిలోకి పిలిచి, "తమ్ముడూ, మీ బావ వాలకం నాకు బాగోలేదు. నువ్వు కూడా వెళ్ళు. మనిషిని నాకు తిరిగి తీసుకొచ్చెయ్" అంది. నాది లేతు మిషను షాపు. షట్టరు దించేసి, నా బండి తీసి బావ వెనకే బయల్దేరా.

దారంతా వాన. బావ నలభై దాటనివ్వడు. వెనకాల లారీలు హారన్లతో చంపుతున్నాయి. టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు, "బావా, ఈ లెక్కన మనం వెళ్ళేసరికి ఆ ట్రాకు పడగొట్టి ఇళ్ళు కట్టేస్తారు" అన్నా.

"నోర్మూసుకుని నీ టైర్లో గాలి చూసుకో."

నాకు ప్రాణం లేచొచ్చింది. తిడుతున్నాడంటే మనిషి ఇంకా ఉన్నట్టే కదా. టీ ఊదుకుంటూ, "వాడికి నొప్పి తెలిసుంటుందంటావా?" అన్నాడు. లేచెళ్ళి నా టైర్లో గాలి చూసుకున్నా.

ట్రాకు దగ్గర జనం కొత్త సినిమాకొచ్చినట్టు ఉన్నారు. గేటు దగ్గరతను మా బళ్ళు చూసి, మా నెరిసిన తలలు చూసి, "పెద్దాయనా, వెనకాల బండొస్తే దారివ్వండి. ఏం జరిగినా లోపల ఆగకూడదు. సరేనా?" అన్నాడు. బావ బుద్ధిగా తలూపాడు. పండు పోయిన చోటేదో అతనికి తెలీదు. "విరిగిన రైలింగు తీసేసి కొత్తది వేస్తారు. మెరుస్తూ ఉంటుంది" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని లోపలికెళ్ళాం.

మొదటి మలుపులోనే మెరిసే ముక్క. బావ తల తిప్పాడు. తర్వాతి మలుపులో ఇంకోటి. ఆ కింద దిగుడులో వరసగా ఎన్నో. ఎటు చూసినా పాత బూడిదరంగు రేకుల మధ్య కొత్తవి తళతళలాడుతున్నాయి. అప్పుడర్థమైంది నాకు. ఒక్కో ముక్కా ఎవరో ఒకరు. అన్నీ చావులే కాకపోవచ్చు, ఏ చెయ్యో, ఏ కాలో. కానీ ఇందులో మావాడిది ఏదని వెతుకుతాం?

మా పక్కనించి బళ్ళు తూటాల్లా పోతున్నాయి. ఓ మలుపు చివర బావ ఇండికేటర్ వేశాడు. చెయ్యి కూడా చాపాడు, స్కూలు పిల్లల్ని దింపే చోట ఆపుతున్నట్టు. పక్కకి తీసి, స్టాండు వేసి దిగాడు. ఆయన లెక్కలో అది రోడ్డు పక్క. కానీ స్పీడులో మలుపు తిరిగిన బండి జరిగొచ్చేది సరిగ్గా ఆ పక్కకే. నేను ముందుకెళ్ళి నా బండి గడ్డిలోకి దింపేసి వెనక్కి పరిగెత్తా.

"బావా! అవతలికి దూకు! రైలింగు దూకు!"

గ్లౌజు తీసి కొత్త రేకు మీద చెయ్యేసి నిలబడ్డాడు. "ఇదే అయ్యుంటుందిరా" అన్నాడు.

ఎర్ర బండొకటి వచ్చింది. బావని తప్పించబోయి పడింది. బండొక వైపు, మనిషొక వైపు జారిపోయారు. హెల్మెట్లోంచి ఆడపిల్ల అరుపు.

ఆ పిల్లకి మోకాలి కింద కాలు తిరక్కూడని వైపు తిరిగిపోయింది. బావ వెళ్ళి పక్కన కూలబడ్డాడు.

"బస్టాపు అనుకున్నావా ముసలోడా!" ఏడుస్తూనే తిట్టింది ఆ పిల్ల.

"తిట్టమ్మా, తిట్టు. కళ్ళు మాత్రం మూయకు. మీ నాన్న నంబరు చెప్పు."

"నాన్నకొద్దు! బండి అమ్మేస్తాడు!"

"అమ్మెయ్యనీ తల్లీ. అమ్మెయ్యనీ."

జెండాలూపి ట్రాకు మూసేశారు. అంబులెన్సు వచ్చేలోపే బావ ఆ పిల్ల చేత నంబరు చెప్పించి వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. అవతల హలో అనగానే, "మీ అమ్మాయి బతికే ఉంది" అన్నాడు. ముందు అదే అన్నాడు. మాకు ఫోనొచ్చిన రోజు పేరు, వయసు, బండి రంగు అన్నీ అడిగి అడిగి చివర్లో చెప్పారు మరి. "కాలు విరిగింది. మాట్లాడుతోంది, వినండి" అని ఫోను ఆ పిల్ల నోటి దగ్గర పెట్టాడు. మళ్ళీ తీసుకుని, "ఎవరివల్లా? నావల్లే. ఆపకూడని చోట బండాపాను. ఆసుపత్రి దగ్గరే ఉంటాను, ఎక్కడికీ పోను. మీరు రండి" అన్నాడు.

పిల్లని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. కాలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇవాళ రాలేమని అక్కకి ఫోన్ చేసి చెప్పా. ఎందుకని అడిగింది. బావకేం కాలేదని మాత్రం అన్నా.

వరండాలో బెంచీ మీద బావ పక్కన కూర్చున్నా. "బావా, వాళ్ళ నాన్న వచ్చి చెయ్యి చేసుకుంటే?"

"చేసుకోనీరా. పండు పోయినప్పుడు నాకు కొట్టడానికి ఎవడూ దొరకలేదు."

వరండా చివర్నించి ఒక పెద్దమనిషి పరుగులాంటి నడకతో వస్తున్నాడు. బావ కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, లేచి నిలబడ్డాడు.