తెలుపు పోయిన బొమ్మ

ఎర్నమ్మ కళ్ళలోంచి సముద్రం కనిపిస్తోంది.

ఎర్నమ్మ పోయింది. పెద్దకర్మ నాడు పదిమందికీ చూపించడానికి, ఎప్పుడో తెల్లగుడ్డ ముందు తీసిన ఆమె ఫోటోని స్టూడియో పార్వతీశం కంప్యూటర్లో సముద్రపుటొడ్డున నడిపిస్తున్నాడు. గుడ్డ పోవాలని తెలుపు తీసేసే మీట నొక్కాడు. గుడ్డ పోయింది. దాంతోపాటు ఆమె కళ్ళలో తెలుపు, పళ్ళు, నెరిసిన జుట్టు కూడా పోయాయి. ఆ కంతల్లోంచి అలలు వచ్చిపోతున్నాయి.

ఆమె మొగుడు గురువులు బల్ల మీద కూచుని చూస్తున్నాడు.

"ఏటిదిరా?"

"గుడ్డ తెలుపేటో, మనిషి తెలుపేటో మిషన్‌కి తెలీదు తాతా."

తెర ముందు ఆకులో అన్నం పెట్టి ఉంది. ఎర్నమ్మ తెరలోంచి వంగి ముద్ద తీసుకుంటుంది. అన్నం తెల్లనిది. నోటి దగ్గరకొచ్చి మాయమైపోతుంది. కిటికీలో కాకి కూడా ముట్టడం లేదు.

"ఆకలేస్తంది," అంటుంది ఎర్నమ్మ. "బతికినన్నాళ్ళూ నీకెట్టాకే తిన్నాను. ఇప్పుడూ ఆకరేనా?"

గురువులు పార్వతీశం వైపు తిరుగుతాడు. "దీనికి మందేటి?"

"మాస్కెయ్యాలి. ఆవిడ ఆకారానికి నల్లబొమ్మ కోసి ఎనకాల పెడితే, నలుపున్న మేర ఏదీ పోదు. అంత నలుపు నా దగ్గర నేదు."

గురువులు ఎండలోకి వెళ్ళి, తన నీడని పాదాల దగ్గర పట్టుకుని తడిగుడ్డలా ఊడదీస్తాడు. భుజాన వేసుకొచ్చి బల్ల మీద పరుస్తాడు.

"భుజాలు ఎక్కువున్నాయి తాతా."

"కోసెయ్."

"పెట్టాక మరి నీకు రాదు. ఆవిడ ఎటెల్తే అటే ఎల్తది."

"ఎల్లనీ."

నీడ ఆమె వెనక చేరుతుంది. కళ్ళలోకి తెలుపు వస్తుంది. జుట్టు నెరుస్తుంది. పళ్ళు వస్తాయి, ఊడిన ముందుపన్ను సందుతో సహా. ముద్ద నోట్లో నిలుస్తుంది. కాకి దిగి అన్నం ముడుతుంది.

"అచ్చం నీలాగే ఉంది," అని నవ్వుతుంది ఎర్నమ్మ. "ఎనకాలే ఉంటది, మాటాడదు."

గురువులు ఒక మాట అడగాలనుకుంటాడు. నోరు పెగిలేలోపు ఆమె మిగిలిన అన్నం కొంగున కట్టుకుని, తెర అంచు దాటిపోతుంది.

"ఎనక్కి తిప్పరా."

"ఎల్లడమే బొమ్మ కట్టాను తాతా. మళ్ళడం కట్టనేదు."

గురువులు నీడ లేకుండా ఇంటికొస్తాడు. ఇప్పుడతని తెల్లచొక్కాలో సముద్రం కనిపిస్తోంది. దూరంగా ఎర్నమ్మ నడుస్తోంది, వెనక అతని నీడ. చొక్కా మాసినకొద్దీ ఆమె మసకబారుతోంది. అందుకని విప్పకుండా, ఒంటి మీదే ఉతుక్కుంటాడు.

ఉతుకుతూ గుండెల మీదికి వంగి, "తిన్నావేటే?" అంటాడు.

మాట ఇక్కడ వినపడదు. అక్కడ, నీడ అడుగుతుంది.

ఎర్నమ్మ మళ్ళదు. కొంగు ముడి విప్పి, చెయ్యి వెనక్కి చాపి, ముందు నీడకే ముద్ద పెడుతుంది.

ఇక్కడ, గురువులు నోట్లో ఉప్పునీళ్ళు నిండుతాయి.