కాగితం మీద నిలవని మాట

పొద్దున్నే టీ తాగి ప్లీడరు రాతకు కూర్చుందంటే, కాసేపటికి తల్లి చీపురు పట్టుకుని రావాల్సిందే. ప్లీడరంటే ఆ ఇంటి కూతురు. నోరు చూసి పెట్టిన పేరు. ఆ ఇంట్లో జరగనిదాన్ని జరిగిందని రాస్తే అక్షరాలు కాగితం మీద నిలవవు. నల్ల నువ్వుల్లా బల్ల కింద రాలిపడతాయి.

“నిన్న చేటెడు, ఇవాళ చేటెడు. మీ నాన్న గురించి రాస్తున్నావా, పురాణం చెబుతున్నావా?”

“రాసేవాళ్లకి ఊహించే హక్కుందమ్మా!”

“హక్కుంటే చీపురు కూడా నువ్వే పట్టు.”

వడ్రంగి తండ్రి జీవితమే ప్లీడరు రాస్తున్న పుస్తకం. అంతా అయింది, చివరి రోజు తప్ప. తొమ్మిదేళ్ల కిందట, కొత్త తలుపుల లోడుతో వెళ్తున్న వ్యాన్ వంతెన గోడకు గుద్దుకుంది. నడిపింది అన్న. పక్కన కూర్చున్న తండ్రి బతకలేదు. ఆ తర్వాత అన్న స్టీరింగు ముట్టలేదు. గోడౌనులో పెట్టెలకు మేకులు కొడుతున్నాడు. ఆ రోజు లేకుండా పుస్తకం వేయనని ప్రచురణకర్త చెప్పేశాడు.

అన్నను కాపాడాలని ‘బ్రేకులు పడలేదు’ అని రాసింది. రాలిపోయింది. ‘కుక్క అడ్డొచ్చింది’ అని రాసింది. కుక్కా రాలింది.

పనికి బయల్దేరుతున్న అన్న చూశాడు. “ఎందుకే ఆ తిప్పలు? నేను నిద్రపోయానని రాయి. అందరికీ తెలిసిందేగా.”

“నేను రాయను.”

“నిజం రాయడానికి భయమా ప్లీడరు గారికి?”

ఆ మాట తగిలింది. కళ్లు తుడుచుకోకుండానే రాసింది: ‘అన్నయ్య నిద్రపోయాడు.’

అక్షరాలు ఒక్కొక్కటే వదిలేశాయి.

తొమ్మిదేళ్లుగా ఆ మాట నోటితో అనడమే తప్ప, ఆ ఇంట్లో ఎవరూ రాసి చూడలేదు. అన్న పెన్ను లాక్కుని తన చేత్తో రాశాడు. అదీ జారింది. మళ్లీ గట్టిగా నొక్కి రాశాడు. కాగితం మీద గాటు మిగిలింది, మాట మిగల్లేదు.

“అసలు నీకు గుర్తుందా అన్నయ్యా?”

“తలకు దెబ్బ తగిలిందిగా, ఏం గుర్తు? నిద్రపోయి ఉంటావన్నారు. కాదనడానికి నా దగ్గరేముంది?”

తల్లి ఊడవడం మానేసింది.

ప్లీడరు పెన్ను తీసుకుంది. ‘ఏం జరిగిందో మాకెవరికీ తెలియదు. బహుశా నాన్న ఏదో చెబుతూ ఉండి ఉంటాడు, అన్నయ్య వింటూ ఉండి ఉంటాడు.’

ముగ్గురూ కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు. ఒక్క అక్షరం కదల్లేదు.

అన్న గోడౌనుకి ఫోన్ చేసి ఇవాళ రానన్నాడు. ఫోన్ పెట్టేసి, ఎటో చూస్తూ అడిగాడు: “లైసెన్సు ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారే?”

“పదింటికి,” అంది తల్లి, కూతురు నోరు తెరిచేలోపే.