ఏడా, మూడు వందలా

మా అత్తింట్లో దేవుడి గురించి ఎవరూ వాదించుకోగా నేను చూడలేదు. ఎన్నికల గురించీ లేదు. వాదనంతా ఒక్కదాని మీదే: ఎల్క్ దుప్పిని కొట్టడానికి ఏడు మిల్లీమీటర్ల మాగ్నం తూటా మంచిదా, మూడు వందల మాగ్నం మంచిదా అని. ఏడు మా ఆయన కెల్బీది. మూడు వందలు మా మామగారు ఆర్విడ్‌ది.

"నీది ఉడతల్ని కొట్టే తూటారా," అనేవారు మామయ్య, ఉడికిన దుంపలు వడ్డించుకుంటూ.

"నీది భుజం విరగ్గొట్టుకునే తూటా నాన్నా. దుప్పి కన్నా ముందు నువ్వు పడతావు."

"పడినా లేస్తాను. నీది తగిలిన దుప్పి కూడా లేస్తుంది. అదీ తేడా!"

నిజానికి ఆ రెండు తూటాలకీ పెద్ద తేడా ఏముందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. రెంటికీ అడుగున ఇత్తడి పట్టీ, ఒకే లావు. మూడు వందలది కాస్త పొడుగు, దాని గుండు కాస్త దొడ్డు, అంతే. మా లోయలో పాతవాళ్లు ఇంటికి ఒకే రకం తూటా ఉండాలంటారు. చీకట్లో తడిమి తీసినా పొరపాటు జరగకూడదని. కెల్బీ మొదటి జీతంతో ఏడు రకం తుపాకీ కొనుక్కొచ్చి ఆ కట్టు తప్పించాడు. అప్పటి నుంచీ ఆ వాదన.

మార్చిలో, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద, కెల్బీ నడిపే దుంగల లారీ వాగులోకి జారింది. కెల్బీ ఇక ఇంటికి రాలేదు.

ఆ తర్వాత మా బల్ల దగ్గర చెంచాల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. నేనూ, మామయ్యా, మూడేళ్ల మా పాప ఈడీ. ఒక సాయంత్రం మామయ్య దుంపలు వడ్డించుకుంటూ, ఎవరితోనో తెలియకుండా, "ఉడతల తూటా," అన్నారు. అని ఆగారు. జవాబు కోసం చూస్తున్నట్టు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"భుజం విరగ్గొట్టుకునే తూటా కన్నా నయమే," అన్నాను.

మామయ్య గరిటె దింపేశారు. ముందు నవ్వారు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆ రోజు నుంచి కెల్బీ వైపు నేను మాట్లాడాల్సి వచ్చింది. తుపాకీల గురించి నాకేం తెలుసు? ఈడీ కడుపులో పడగానే బడి మానేసినదాన్ని. కెల్బీ అన్న మాటలు గుర్తున్నంత మేరకు అప్పజెప్పేదాన్ని.

వేసవి పోయేసరికి మామయ్య కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్ అంటే "చలికాలం పోనీ" అంటారు. ఒకనాడు తుపాకీల బీరువా తీస్తే ఏడు రకం తూటాలు కొన్ని మూడు వందల రకం డబ్బాలో ఉన్నాయి, కళ్లానక ఆయనే పెట్టినట్టున్నారు. ఆ బీరువా తాళంచెవి అప్పటి నుంచీ మెడలో వేసుకుని తిరుగుతున్నాను. అయినా రాత్రి లేచి తాళం లాగి చూడకుండా పడుకోలేను.

"మామయ్యా, ఇంట్లో రెండు రకాలు వద్దు. ఒకటి పంపించేద్దాం," అన్నాను.

"ఏది?"

"మీ ఇష్టం."

"నా ఇష్టం ఏమిటి? కొడుకుది అమ్మమంటావా, నాది అమ్మమంటావా? నువ్వే చెప్పు పిల్లా. చెప్పు చూద్దాం."

ఏడు పోతే కెల్బీ గొంతు మా ఇంట్లోంచి పోయినట్టే. మూడు వందలు పోతే ఈయన ఇక వేటకు కొండెక్కరు. కొండెక్కని ఆర్విడ్ ఎన్నాళ్లు ఉంటారో నాకు తెలుసు.

"ఈ సీజన్ రెండూ కొండకు తీసుకెళ్దాం. దుప్పి ఏది చెబితే అది," అన్నారాయన చివరికి. ఆయనకూ నాకూ చెరో ట్యాగ్ ఉంది, సర్కారు ఇచ్చే వేట చీటీ. ఒక్కో ట్యాగ్‌కు ఒక్కో దుప్పి, చలికాలమంతా మాంసం.

నవంబరులో మొదటి మంచు పడ్డాక, ఈడీని పక్కింటి లోర్నా దగ్గర వదిలి బయలుదేరాం. మామయ్య కెల్బీ నారింజ రంగు వేట కోటు వేసుకున్నారు. ఆయన కోటు మేకుకు వేలాడుతూనే ఉంది. నేను చూశాను. ఆ కోటు వేసుకున్న వీపు నా ముందు నడుస్తుంటే ఏమనగలను?

తెల్లవారి బాగా వెలుతురు వచ్చాక, గట్టు అవతల ఆడ దుప్పి ఒకటి మేస్తూ కనిపించింది. మామయ్యకు కూడా కనిపించేంత దగ్గర. "మీరు కొట్టండి," అన్నాను గుసగుసగా. ఆయన తల ఊపి జేబులో చెయ్యి పెట్టారు. ఒక్కో తూటా వేళ్లతో తడుముతూ తుపాకీలోకి ఎక్కించారు. దుంగ మీద తుపాకీ ఆనించి గురిచూసుకున్నారు.

చప్పుడు సరిగ్గా రాలేదు. మూడు వందల చప్పుడు నాకు తెలుసు, పళ్లు కదిలేట్టు ఉంటుంది. ఇది ఏదో చిరిగినట్టు వచ్చింది. దుప్పి వెనక్కాళ్లు ముడుచుకుని, వంగి, చెట్లలోకి పోయింది.

మామయ్య తుపాకీ బోల్టు వెనక్కి లాగారు. పేలిన తూటా ఇత్తడి తొడుగు మంచులో పడింది. ఆయనే వంగి తీశారు. దాని మెడ చీలి, మూతి విచ్చుకుపోయి ఉంది. ఆయన బొటనవేలితో అడుగున చెక్కిన అంకెను తడిమి, తడిమి, నా చేతికిచ్చారు.

"చదువు."

నేను తొడుగును అటూ ఇటూ తిప్పాను.

"చదువమ్మా. నాకు కనపడదు."

"ఏడు," అన్నాను.

ఆయన ఆ కోటు కుడి జేబులోంచి మిగతావి తీశారు. పోయినేటి సీజన్లో కెల్బీ ఆ జేబులో వేసుకుని మరిచిపోయిన తూటాలు. మామయ్య తూటాలు ఎడమ జేబులో భద్రంగానే ఉన్నాయి. ఏడు కాస్త సన్నం కాబట్టి మూడు వందల తుపాకీలో పడుతుంది. పేలుతుంది కూడా. గుండు మాత్రం తుపాకీ గొట్టంలో వదులుగా కొట్టుకుంటూ పోయి ఎటో తగులుతుంది. తుపాకీ ఆయన మొహం మీద పగలకపోవడం మా అదృష్టం.

"రక్తం ఏ రంగు?" అని అడిగారు, దుప్పి నిలబడిన చోటికి వెళ్లాక.

"నల్లగా ఉంది మామయ్యా. పచ్చ పచ్చగా ఏదో కలిసింది."

"పొట్టలో తగిలింది," అన్నారు. అక్కడే మంచులో కూర్చుండిపోయారు. "వెంటనే వెంటపడకూడదు. పడుకోనివ్వాలి."

కాసేపు ఆగి బయలుదేరాం. నేను ముందు, ఆయన నా వెనక. నేను చుక్క చూసి చెబితే ఆయన ఎటు పోయి ఉంటుందో చెప్పేవారు. వాగు దాటాం. పడిపోయిన దేవదారుల కింద ఒకచోట అది పడుకున్న గుర్తు, దాని నిండా రక్తం. ఇంకా వేడి పోలేదు. తర్వాత మంచు మళ్లీ మొదలైంది. చుక్కలు దొరకడం మానేశాయి. మధ్యాహ్నం దాటేదాకా ఆ అడవంతా తిరిగాం. మామయ్య చెట్టుచెట్టుకూ ఆగి చెవి పెట్టి విన్నారు. ఒకచోట "ఎక్కడున్నావే తల్లీ," అన్నారు మెల్లగా. నాతో కాదు.

ట్రక్కు దగ్గరికి వచ్చాక ఆయన ట్యాగ్ తీసి, చిన్న కత్తితో దాని మీది నెలా తేదీ గళ్లు కోసేశారు. దుప్పిని కొట్టి తెచ్చుకున్నవాళ్లు చేసే పని అది; ఆ తర్వాత ఆ ట్యాగ్ చెల్లదు.

"మాంసం లేదుగా మామయ్యా! ఇంకా రోజులున్నాయి. ఎవరికి తెలుస్తుంది?"

"దానికి తెలుసు," అన్నారు. "చంపాను. దొరక్కపోతే చంపనట్టా?"

ఆ రాత్రి బల్ల దగ్గర ఆయన కంచం ముట్టుకోలేదు. "నాది పంపించేద్దాం," అన్నారు.

"ఎందుకు? తప్పు దానిది కాదుగా," అన్నాను. "మూడు వందలే గట్టిది. గాలి వీచినా పక్కకు పోదు. పెద్ద దుప్పిని పడగొట్టాలంటే అదే." నా నోట్లోంచి వస్తున్నవి మామయ్య మాటలని నాకు తెలుస్తూనే ఉంది. కెల్బీది పోతే పోనీ, ఈయన కొండెక్కితే చాలనిపించింది.

"తన్నుతుందది. నీ భుజం ఎంత, దాని తన్ను ఎంత? ఏడు మెత్తన. తిన్నగా పోతుంది. గురి కుదిరిన చేతికి బలం అక్కర్లేదు." అవన్నీ కెల్బీ మాటలు. ఒక్కటీ మరచిపోలేదాయన. ఇన్నేళ్లూ వెక్కిరిస్తూ ఒక్కొక్కటే దాచుకున్నారు.

"మీరు గెలిచే వాదన వదిలేస్తున్నారు."

"వాడు ఉన్నప్పుడే వదిలేయాల్సింది," అన్నారు.

ఈడీ దుంప ముక్క ఆయన కంచంలో పెట్టి, "తిను తాతా," అంది. తిన్నారు.

మర్నాడు పట్నంలో డ్వేన్ తుపాకీల కొట్టుకు వెళ్లాం. డ్వేన్ తుపాకీని అటూ ఇటూ తిప్పి నోరు తెరిచాడు. "ఏంటి ఆర్విడ్, మూడు వందలు వదిలేస్తావా? నిన్ను పాతిపెట్టేటప్పుడు పక్కన పెట్టమంటావనుకున్నాను!"

"పాతిపెట్టేది నువ్వేగా. అప్పుడు చూద్దాం," అన్నారు మామయ్య. నవ్వలేదు. "ఏడు రకం తూటాలు ఒక డబ్బా ఇవ్వు."

"నీకా?"

"అమ్మాయికి. దాని ట్యాగ్ ఇంకా ఉంది."

"మామయ్యా, నేనొక్కదాన్ని..."

"నేను వెనకాల వస్తాను. నాకు తుపాకీ ఎందుకు? మోయడానికి వీపుంది. రక్తం రంగు నువ్వు చెబుదువుగాని."

తిరుగు దారిలో ట్రక్కు నేనే నడిపాను. ఈడీ మధ్యలో, డబ్బా మామయ్య ఒళ్లో. దాని మీద బొమ్మను ఈడీ వేలితో రాస్తుంటే డబ్బా దాని చేతికి అందకుండా పైన పెట్టమన్నాను. ఆయన పెట్టారు.

"అవి నాన్నవా?" అంది ఈడీ.

వాగు మీది వంతెన మీద ట్రక్కు నెమ్మది చేశాను.

"కావు," అన్నారు మామయ్య, కిటికీ వైపు తిరిగి. "మీ అమ్మవి."